ఏఏసీఎస్‌బీ ముద్ర లేకపోతే డిగ్రీ చెల్లదా?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాల్లో బిజినెస్ అనలిటిక్స్ ఎంఎస్‌లో సీటు వచ్చింది. మొదటి దాని బిజినెస్ స్కూలుకు, అలాంటి స్కూళ్లను పరీక్షించే ఏఏసీఎస్‌బీ అనే సంస్థ గుర్తింపు ఉంది. రెండోదానికి ఆ గుర్తింపు లేదు, ఫీజు మాత్రం సుమారు ఎనిమిది లక్షలు తక్కువ. ఏఏసీఎస్‌బీ లేని డిగ్రీ చెల్లదని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: నిజం కాదు. అమెరికాలో డిగ్రీ చెల్లుబాటును తేల్చేది విశ్వవిద్యాలయానికి మొత్తంగా ఉండే సంస్థాగత గుర్తింపు. దాన్ని ఇచ్చే సంస్థలకు ఆ దేశ విద్యాశాఖ ఆమోదం ఉంటుంది, చదువు తర్వాత స్టెమ్ ఓపీటీ పొడిగింపు (సైన్స్, సాంకేతిక కోర్సులు చదివిన విదేశీ విద్యార్థులు అక్కడే పనిచేసేందుకు ఇచ్చే అదనపు గడువు) కోరినప్పుడు పరిశీలనకు వచ్చేదీ ఆ గుర్తింపే. ఏఏసీఎస్‌బీ ఒక్క బిజినెస్ స్కూలునే పరీక్షించి ఇచ్చేది ప్రత్యేక గుర్తింపు. మన దగ్గర కళాశాలకంతటికీ న్యాక్ గ్రేడు, ఒక్కో కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు వేర్వేరుగా ఉన్నట్టే అనుకోండి. కాబట్టి రెండో విశ్వవిద్యాలయానికి సంస్థాగత గుర్తింపు ఉందో లేదో ముందుగా చూడండి. అది లేకపోతే ఫీజు ఎంత తగ్గించినా ఆ సీటు వద్దు.

అయితే ప్రత్యేక గుర్తింపు వట్టి అలంకారమని నేను అనను. 1916లో ఏర్పడిన ఏఏసీఎస్‌బీ అన్నిటికంటే నిశితంగా చూసేది పాఠం చెప్పేవారిని. అధ్యాపక బలగంలో కనీసం 40 శాతం డాక్టరేట్ స్థాయి చదువు ఉండి పరిశోధన కొనసాగిస్తున్నవారై ఉండాలని, మొత్తంమీద 90 శాతం మంది అది నిర్ణయించిన నాలుగు అర్హత వర్గాల్లో ఏదో ఒకదానిలోకి రావాలని దాని మార్గదర్శకాలు చెబుతాయి. పైగా విద్యార్థి నిజంగా ఏమి నేర్చుకున్నాడో స్కూలే కొలిచి, లోపం కనిపించినచోట కోర్సును సవరించినట్టు ఆధారాలు చూపాలి. విదేశీ విద్యార్థులతో నిండిపోయిన ఎంఎస్ సెక్షన్లను పార్ట్‌టైమ్ బోధకులకు వదిలేసే స్కూళ్లూ ఉన్నాయి కనుక ఈ షరతులకు విలువ ఉంది. (కాగితాలకు లొంగని తనిఖీ లేదన్నదీ నిజమే. నేను ఒకప్పుడు పనిచేసిన ఎంబీఏ కళాశాలలో ఎన్‌బీఏ బృందం రావడానికి ముందు వారమంతా పాఠాలు ఆపి, పాత రిజిస్టర్లలో ఖాళీలు నింపుతూ కూర్చున్నాం.)

ఈ ముద్ర లేని స్కూలు నాసిరకమనీ అనుకోనవసరం లేదు. ఏఏసీఎస్‌బీ పరిశోధనకే పెద్దపీట వేస్తోందన్న అసంతృప్తితో, బోధనను ముందుంచే స్కూళ్ల కోసం 1988లో ఏసీబీఎస్‌పీ అనే మరో సంస్థ ఏర్పడింది. 1991లో ఏఏసీఎస్‌బీ కూడా అన్ని స్కూళ్లనూ ఒకే కొలబద్దతో కొలవడం మాని, ఏ స్కూలు లక్ష్యాన్ని బట్టి ఆ స్కూలును పరిశీలించే పద్ధతికి మారింది.

మొదటి స్కూలు విషయంలో రెండు చోట్ల పొరపాటు పడే అవకాశం ఉంది. ప్రాస్పెక్టస్‌లో ఏఏసీఎస్‌బీ సభ్యత్వం అని మాత్రమే ఉంటే దాన్ని గుర్తింపుగా లెక్కించకండి, ఎందుకంటే గుర్తింపు రాకుండానే సభ్యత్వం దొరుకుతుంది. ఇక అడ్మిషన్ లెటర్‌లో కోర్సు నడిపే విభాగం పేరు చదవండి. బిజినెస్ అనలిటిక్స్‌ను కొన్ని విశ్వవిద్యాలయాలు బిజినెస్ స్కూలులో కాక వృత్తివిద్యా విభాగంలోనో, మరో కళాశాలలోనో నడుపుతాయి. అలాంటి కోర్సు ఆ గుర్తింపు పరిధిలోకి రాకపోవచ్చు.

మీ అబ్బాయికి తర్వాత పీహెచ్‌డీ చేసి బిజినెస్ స్కూల్లో పాఠం చెప్పాలని ఉంటే ఆ ఎనిమిది లక్షలు పెట్టవచ్చు. ఉద్యోగమే లక్ష్యమైతే, రెండు చోట్లా నిరుడు ఆ కోర్సు ముగించిన మన పిల్లలను ఇద్దరు ముగ్గురిని వెతికి, పాఠాలు ఎవరు చెప్పారో, ఎవరికి ఎక్కడ పని దొరికిందో అడగమనండి. అప్పు తెచ్చి చదివించేవారికి ముద్రకన్నా ఆ కబురే ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ ఐఎస్‌బీకి (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ అనుమతి లేదంటారు. మరి అంత పేరెలా వచ్చింది?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అనుమతి లేని మాట నిజమే. 2001లో మొదలైన ఆ సంస్థ తన ప్రధాన పీజీ కోర్సుకు డిగ్రీ ఇవ్వదు. ఏఏసీఎస్‌బీతో పాటు యూరప్‌కు చెందిన ఈక్విస్, లండన్‌లోని ఆంబా గుర్తింపులు మూడూ సంపాదించి, కంపెనీల నమ్మకం మీద నిలబడింది. ప్రైవేటు కొలువులకు అది చాలు. డిగ్రీనే అర్హతగా అడిగే ఉద్యోగం మీ మనసులో ఉంటే మాత్రం, ఆ నోటిఫికేషన్ చదివాకే దరఖాస్తు ఫీజు కట్టండి.