ఫీడుకు చందా కట్టాలా?

సందేహం: మిత్రుడొకరు ఒక ఫీడ్ రీడర్‌ను, అంటే రకరకాల సైట్ల కొత్త రాతలను ఒకచోట చూపే సాఫ్ట్‌వేర్‌ను, తెలుగు చేస్తున్నారు. ‘సబ్‌స్క్రైబ్’ అన్నచోట ‘చందా కట్టండి’ అని, ఫీడ్‌కు ‘మేత’ అని, రీడర్‌కు ‘చదువరి’ అని పెట్టారు. ఇవి సరైనవేనా? ‘ఫీడు’ బహువచనం ఫీడ్లా, ఫీళ్లా? ఫీడు ఫైలును రాసే పద్ధతి ఆర్‌ఎస్‌ఎస్‌కు తెలుగు ఏమిటి?

సమాధానం: చందా ఫారసీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. పత్రికకు కట్టేదీ చందాయే, సంఘానికి వసూలు చేసేదీ చందాయే; డబ్బు లేని చందా లేదు. ఫీడు దగ్గర డబ్బు మాట అటుంచండి, చాలాసార్లు మన పేరైనా ఇవ్వక్కర్లేదు. సైటువాళ్లు కొత్త రాతల శీర్షిక, లింకు, తేదీ, ఒకటి రెండు వాక్యాలు ఒక ఫైల్లో పెట్టి ఉంచుతారు. ఆ ఫైలు చిరునామా మనం రీడరుకు చెబుతాం. అది అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లి, కొత్తది కనబడితే పట్టుకొస్తుంది. ఇంతమాత్రానికి ‘చందా కట్టండి’ అంటే చదివినవాడు జేబు తడుముకుంటాడు. ‘ఫీడును చేర్చుకోండి’ అంటే సరిపోతుంది. వద్దనుకుంటే ‘తీసేయండి’.

‘మేత’ నిఘంటువు చూసి పెట్టిన మాట. తెలుగులో మేసేది పశువు. మనిషి మేశాడంటే లంచమో, పరాయి సొమ్మో అని అర్థం. తమాషా ఏమిటంటే, ఫీడు ఎవరూ మన నోటికి అందించేది కాదు, రీడరే వెళ్లి తెచ్చుకునేది. ఆ లెక్కన ‘మేతకు వెళ్లింది’ అన్నది పనితీరుకు బాగానే అతుకుతుంది. అయినా తెర మీద ‘మీ మేత’ అని చూసుకోవడం ఎవరికి ఇష్టం?

చదువరి అన్నా, నేర్పరి అన్నా మనిషే. ఇక్కడ చదివేది మీరు, సాఫ్ట్‌వేర్ కాదు. రీడరు అనే ఉంచమనండి.

ఆర్‌ఎస్‌ఎస్ జోలికి పోకండి. 1999లో ఆ మూడక్షరాలు ‘ఆర్‌డీఎఫ్ సైట్ సమ్మరీ’. 2002లో దాని 2.0 వెర్షన్ వచ్చేనాటికి అవే అక్షరాలు ‘రియల్లీ సింపుల్ సిండికేషన్’ అయ్యాయి. ఇంగ్లీషులోనే కుదురుగా నిలవని విస్తరణను మనం అనువదించి ఏం చేస్తాం? పైగా 2005లో ప్రమాణంగా వెలువడిన యాటమ్ అనే మరో ఫీడు పద్ధతి కూడా ఇదే పని చేస్తుంది. వాడేవారికి రెండూ ఫీడ్లే.

అవును, ఫీడ్లే. గూడు గూళ్లయింది, తాడు తాళ్లయింది కదా, ఫీడు ఫీళ్లు ఎందుకు కాదంటే, అరువు మాటలకు ఆ మార్పు సాధారణంగా పట్టదు. రోడ్డు రోడ్లే అయింది, కార్డు కార్డులే అయింది. విభక్తి చేరినా అంతే. ‘గూటికి’, ‘నాటికి’ అన్నప్పుడు డకారం టకారమవుతుంది, ఇలాంటివాటిని ఔపవిభక్తికాలంటారు. ఫీడుకు ఆ బాధ లేదు: ఫీడుకు, ఫీడులో, ఫీడు నుంచి. ‘ఫీటిలో’ అని రాస్తే కొలత టేపు వెతుక్కోవాలి.