సమాధానం: 23 శాతం సిమిలారిటీ, నేతన్న సంతకం

తమ్ముడూ, వరంగల్ కొత్తవాడ దర్రీల (నేలపై పరిచే మందపాటి నేత తివాచీల) నేతపై నీ థీసిస్‌కు సిమిలారిటీ, అంటే వేరే రచనలతో సాఫ్ట్‌వేర్ చూపే పోలిక, 23 శాతం వచ్చిందని, హనుమకొండలో ఒక టైపింగ్ సెంటర్ వాళ్లు డబ్బులిస్తే పది శాతం లోపుకు తెస్తామన్నారని రాశావు. అక్కడికి మాత్రం పోకు. వాళ్లు చేసేది పదాలు మార్చడమే. నా స్నేహితురాలి చాప్టర్లో ‘పిట్ లూమ్’ (గుంట మగ్గం) కాస్తా ‘హోల్ మెషీన్’ అయి వచ్చింది. వైవాలో, అంటే థీసిస్ మౌఖిక పరీక్షలో, అడిగితే ఆమె ఏం చెప్పాలి?

ముందు సిమిలారిటీ రిపోర్టు మొత్తం తెరువు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు, కాపీని అరికట్టే 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలే వాటిని మినహాయించాయి. లైబ్రరీలో అవి తీసేసి మళ్లీ చూడమని అడుగు. సమర్పించాక 10 శాతం దాటి 40 లోపు తేలినా, సరిదిద్ది ఆరు నెలల్లోపు ఇవ్వమంటారు. రిజిస్ట్రేషన్ రద్దు 60 దాటితేనే. టెన్షన్ పడకు.

రిపోర్టు రంగు వేసి చూపిన మిగిలిన వాక్యాలకు ఒకటే పద్ధతి: మూలం మూసేసి, అర్థమైంది నీ మాటల్లో రాసి, ఎవరిదో పక్కనే చెప్పు. మాటలు మారినా ఆలోచన వాళ్లదే కదా. నీ పాత పేపరు నుంచి తెచ్చుకున్నా అంతే.

నాకు అసలు బెంగ నీ రెండో ప్రశ్న గురించే. నువ్వు ఇంటర్వ్యూ చేసిన చదువురాని పెద్దాయన, ఆ నేతన్న, అంగీకార పత్రంపై నువ్వే సంతకం పెట్టొచ్చా అన్నావు. వద్దు, అది ఫోర్జరీ. ఎథిక్స్ కోర్సులో రెండు క్రెడిట్లు వచ్చినా చదువురానివాళ్ల అంగీకారం ఎలా తీసుకోవాలో మనకెవరూ కూర్చోబెట్టి చూపరు. మళ్లీ వాళ్లింటికి వెళ్లు. మగ్గం దిగాక, తీరికగా, కాగితం తెలుగులో చదివి వినిపించు. ఈ పనితో సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర తీసుకో. ఆయన వద్దంటే ఆ ఇంటర్వ్యూ తీసేయ్.