కిట్టు అటకెక్కింది, ట్యాంకు పొంగుతోంది

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. పుట్టినరోజుకి ఎలక్ట్రానిక్స్ కిట్టు కొనిచ్చాం. రెండు బల్బులు వెలిగించి పక్కన పడేసింది. ఈ సెలవుల్లో ఆర్డునో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) కొనమంటారా?
– ఒక గృహిణి, ఉప్పల్

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఆ బల్బు వెలగకపోతే మీ ఇంట్లో ఎవరికీ నష్టం లేదు. అందుకే కిట్టు అటకెక్కింది. మోటారు వేసి మరిచిపోతే మేడ మీద ట్యాంకు పొంగుతుందా? పొంగని ఇల్లు నేనింకా చూడలేదు. దానికి అలారం చేయించండి.

కోఠి గుజరాతీ గల్లీకి తనని వెంటబెట్టుకెళ్ళండి. బీసీ547 ట్రాన్సిస్టర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 9 వోల్టుల బ్యాటరీ, ఆ వోల్టేజీకి పనిచేసే చిన్న బజర్, ఒక స్విచ్చి చాలు. షాపులో తననే అడగనివ్వండి.

బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్చి దాటాక ఒక తీగ బజర్‌కి, ఇంకోటి ట్యాంకు పైఅంచుకి. అక్కడే, దానికి తగలకుండా వేలాడే రెండో తీగ కిందికొచ్చి రెసిస్టర్ మీదుగా ట్రాన్సిస్టర్ మధ్య కాలు, అంటే బేస్‌కి. బజర్ మైనస్ ఇంకో కాలు కలెక్టర్‌కి, మూడో కాలు ఎమిటర్ బ్యాటరీ మైనస్‌కి. ట్రాన్సిస్టర్ చదును వైపు మనకేసి, కాళ్ళు కిందికి ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. నీళ్ళు రెండు తీగల్నీ తాకగానే బేస్‌కి కాస్త కరెంటు అందుతుంది, దాంతో ట్రాన్సిస్టర్ బజర్‌కి దారి తెరుస్తుంది, బజర్ మోగుతుంది.

మేడెక్కే ముందు వంటింట్లో గ్లాసులతో ఆడించండి. బోరు నీళ్ళు, నల్లా నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు. ఒకదాన్లో ఉప్పు, ఒకదాన్లో పంచదార. మోత ఎక్కడ పెరిగిందో, ఎక్కడ పెరగలేదో తనే రాసుకోవాలి. ద్రవాల విద్యుద్వాహకత పాఠం అదే. మీరు ముందే జవాబు చెప్పేస్తే ఆటంతా పాడు. (టీచర్లకీ ఆ జబ్బుంది, నాతో సహా.)

ట్యాంకులో వేలాడే కొసలకి రాగి వద్దు. ప్లస్ వైపుది క్రమంగా కరిగి పచ్చబడుతుంది. స్టీలు స్క్రూలు బిగించండి. మోటారు ఆపినా నీళ్ళు దిగేదాకా మోత ఆగదు, స్విచ్చి అందుకే. ఇదంతా పెట్టిన డబ్బాని మోటారు స్విచ్చి పక్కనే తగిలిస్తే, మోటారు వేసేవాళ్ళకి దీన్ని కూడా వేయడం గుర్తుంటుంది.

మోటారు దానంతటదే ఆగేలా చేస్తానని పాప తప్పకుండా అడుగుతుంది. అది 230 వోల్టుల వ్యవహారం, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.