ఆఫ్రికా సఫారీకి ఏ నెల మంచిది? జూలై, ఆగస్టుల్లోనే వెళ్లాలా?

జూలై, ఆగస్టు అని మీకు చెప్పినవాళ్లు టీవీలో మొసళ్లను చూసి చెప్పి ఉంటారు. నన్నడిగితే ఫిబ్రవరి. అదీ టాంజానియాలో, సెరెంగెటి నేషనల్ పార్కుకి దక్షిణాన ఉన్న ఎన్‌డుటు వైపు. మేం దార్ ఎస్ సలామ్‌లో ఉంటాం. ఇంటికొచ్చిన చుట్టాలందరినీ అడవికి తీసుకెళ్లక తప్పదు కాబట్టి అన్ని కాలాలూ చూశాకే చెబుతున్నాను.

జూలై నుంచి అక్టోబరు దాకా వైల్డ్‌బీస్ట్ (ఎద్దులా కొమ్ములుండే, గడ్డి తినే అడవి జంతువు) మందలు మొసళ్లుండే మారా నది దాటుతాయి, నిజమే. ఎప్పుడు దాటుతాయో మాత్రం వాటికే తెలీదు. వేల జంతువులు గట్టు దాకా వస్తాయి, గంటల తరబడి నిలబడతాయి, దేనికో బెదిరి వెనక్కి తిరుగుతాయి. బారులు తీరిన జీపుల్లో మనం ఎండకి మాడుతూ ఉంటాం. పక్క జీపులో ఒకాయన వీడియో కాల్‌లో ఊళ్లోవాళ్లకి గట్టిగా కామెంటరీ చెబుతుంటాడు. "క్రాసింగ్ గ్యారంటీ" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లను అస్సలు నమ్మకండి.

ఫిబ్రవరిలో ఆ టెన్షన్ లేదు. వానలు అటూ ఇటూ అయితే రోజులు కాస్త మారతాయి గానీ, మందలు ఈనడానికి ఎన్‌డుటు మైదానాలకే వస్తాయి. ఓల్ డొయిన్యో లెంగాయ్ లాంటి అగ్నిపర్వతాల బూడిద పడ్డ నేల అది. అక్కడి గడ్డిలో కాల్షియం, భాస్వరం ఎక్కువ, పాలిచ్చే తల్లులకు కావలసింది అదే. అడుగున బూడిద గట్టి పొరగా పేరుకుని చెట్ల వేళ్లు దిగవు. అందుకే కనుచూపు మేరా పొట్టి గడ్డే, సింహం దాక్కుందామన్నా చోటు తక్కువ. దూడల్లో నూటికి 80 దాకా రెండు మూడు వారాల్లోనే పుట్టేస్తాయి. హైనాలు, చీతాలు ఎన్నని తినగలవు?

మా అమ్మను తీసుకెళ్లింది అప్పుడే. పొద్దున్నే చూడి వైల్డ్‌బీస్ట్ ఒకటి మా కళ్లముందే ఈనింది. కొద్ది నిమిషాలకే దూడ లేచి, పడి, మళ్లీ లేచి, తల్లి వెంట పరుగందుకుంది. అమ్మ పుట్టి పెరిగింది గేదెల మధ్యే. "మన దూడలు ఈపాటికి చెవి కూడా ఆడించవు" అంది.

మధ్యాహ్నం ఇంకో దూడ, ఒంటరిది, నేరుగా మా బండి దగ్గరకొచ్చింది. మంద బెదిరి పరుగెత్తినప్పుడు తప్పిపోయి ఉంటుంది. తల్లి కనపడకపోతే ఆ వయసులో అవి కదిలే పెద్ద ఆకారం దేని వెంటైనా పడతాయి. టైరును మూతితో పొడుస్తోంది, పొదుగు కోసం. బండి కదిలితే వెనకే పరుగు. "బాబూ, ఆపు నాయనా, మన దగ్గర పాల ప్యాకెట్టుందిగా" అని అమ్మ డ్రైవర్‌ని తెలుగులోనే బతిమాలింది. ఆయనకి భాష రాకపోయినా సంగతి అర్థమైంది. తల అడ్డంగా ఊపి, దూరంగా కనిపిస్తున్న మంద వైపు నెమ్మదిగా పోనిచ్చాడు. మందలో చేరాక దూడ ఒక్కో తల్లి దగ్గరికీ వెళ్లింది. ప్రతిదీ వాసన చూసి కొమ్ములతో నెట్టేసింది. పరాయి దూడకి పాలివ్వవు అవి. కాసేపటికి ఆ గుంపులో మా దూడ ఏదో పోల్చుకోలేకపోయాం. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. నాతోనూ మాట్లాడలేదు, దాన్ని నేనేదో తరిమేసినట్టు.

మనవాళ్లు కొందరు దిగగానే "పులి ఎప్పుడు కనిపిస్తుంది?" అంటారు. ఆఫ్రికా అడవుల్లో పులులు లేవండీ, ఏ నెలలో వచ్చినా లేవు. ఎన్‌డుటులోనూ నాకు నచ్చనిది ఒకటుంది. సెరెంగెటి పక్కనున్న న్గోరొంగోరో రక్షిత ప్రాంతం పరిధిలోకి వచ్చే భాగంలో రోడ్డు దిగి నడపనిస్తారు. దాంతో వైర్‌లెస్‌లో కబురందితే చాలు, చీతా చుట్టూ బండ్లు మూగిపోతాయి. పాపం అది వేటాడేదెట్లా?

జూలై టికెట్లు కొనేశారా? అయితే మారా వదిలేసి టాంజానియాలోనే ఉన్న తరంగిరే నేషనల్ పార్కుకి వెళ్లండి. అప్పటికి చుట్టుపక్కల నీళ్లు ఎండిపోయి ఏనుగులు గుంపులు గుంపులుగా అక్కడి తరంగిరే నదికే వస్తాయి. ముదురు నీలం, నలుపు బట్టలు మాత్రం తెచ్చుకోవద్దు, రక్తం పీల్చే సెట్సీ ఈగలు ఆ రంగులకే ఎగబడతాయి. పల్చటి చొక్కా అయితే దాని మీంచే కుడతాయి కూడా.