నడిసముద్రంలో ఒండ్రు ఉంటుందా?

సందేహం: ధ్రువ సముద్రాల అడుగుమట్టిని బట్టి వాటి గతాన్ని ఎలా తెలుసుకుంటారో బడి పత్రికకు రాస్తున్నాను. నేను 'ఒండ్రుమట్టి కేంద్రకాలు' అని రాస్తే, తోటి ఉపాధ్యాయురాలు 'అవక్షేపం' అనాలన్నారు. ఏది సరి? – ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: మీ సహోపాధ్యాయురాలి మాటే సరి. ఏరు పొంగి తగ్గాక వదిలివెళ్లే మట్టి ఒండ్రు. గోదావరి వరద తీసిన తర్వాత ఏటూరునాగారం వైపు పొలాల్లో మిగిలేది అదే. ఆర్కిటిక్ నడిసముద్రంలో నదుల బంకమట్టి కొంత ఉన్నా, దానితో పాటు సూక్ష్మజీవుల పెంకులు, మంచు మోసుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు కూడా పేరుకుంటాయి. మెత్తని బురద నడుమ ఒంటరిగా ఒక గులకరాయి కనిపించిందంటే, ఆ కాలంలో పైన మంచుగడ్డలు తేలుతూ, కరుగుతూ రాళ్లను జారవిడిచాయని శాస్త్రజ్ఞులు గ్రహిస్తారు. అంత బరువైన రాయిని నదీ ప్రవాహం నడిసముద్రం దాకా తేలేదు. మీరు 'ఒండ్రు' అనగానే పాఠకుడి మనసులో నది మెదులుతుంది, మంచు మరుగున పడుతుంది. 'పూడిక' కూడా కుదరదు. చెరువు లోతును తగ్గించేది, తీసివేయవలసినది అన్న భావం ఆ మాటను వదలదు.

అయితే రసాయనశాస్త్రంలో ద్రావణం నుంచి విడిపోయి అడుగుకు చేరే పదార్థాన్నీ అవక్షేపమనే అంటారు. పిల్లలు తికమకపడకుండా మొదటిసారి 'పొరలుపొరలుగా పేరుకున్న సముద్రపు అడుగుమట్టి' అని వివరించి, ఆ తర్వాత 'అవక్షేపం' వాడండి.

'కేంద్రకం' మాత్రం తప్పే. అది పరమాణువుకో జీవకణానికో ఉండేది. ఇక్కడ మీరు చెబుతున్నది బోలు గొట్టాన్ని అడుగులోకి దించి, పొరల వరుస చెదరకుండా పైకి తీసిన పొడవాటి మట్టి కడ్డీ. దాన్ని నిలువునా రెండుగా చీల్చి, పడుకోబెట్టి పరిశీలిస్తారు కాబట్టి 'స్తంభం' కన్నా 'కడ్డీ' నయం. బొగ్గు అన్వేషణలో నేలను తొలిచి తీసే రాతికడ్డీని 'కోర్' అంటారు. భూపాలపల్లి, మంచిర్యాల ప్రాంతాల పిల్లలకు ఆ మాట కొత్త కాకపోవచ్చు. నిస్సంకోచంగా 'కోర్', 'కోర్లు' అని రాయండి.

మీ వ్యాసానికి పనికొచ్చే ఉదాహరణ ఒకటుంది. 2004లో ఉత్తర ధ్రువానికి చేరువలో, లొమొనొసోవ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి మీద 400 మీటర్లకు పైగా తొలిచారు. దాదాపు 4.9 కోట్ల ఏళ్ల నాటి పొరల్లో అజొల్లా అనే, నీటి మీద తేలే చిన్న మొక్క అవశేషాలు సమృద్ధిగా దొరికాయి. మన రైతులు వరి మళ్లలో వేసే, పశువులకు మేపే అజొల్లా కూడా ఆ ప్రజాతిదే. అది ఉప్పునీటిలో బతకదు. అలాగని 'ఆర్కిటిక్ ఒకప్పుడు మంచినీటి సముద్రం' అని రాయకండి. 'పైపొర నీటిలో ఉప్పు బాగా తగ్గిన కాలం ఒకటుంది' అని రాస్తే ఆ కోర్ చెప్పినంతే మీరూ చెప్పినట్లవుతుంది.