'సొంత పూచీ' కాగితం మీద సంతకం పెట్టాక పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: తెనాలిలో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర గోవా ప్యాకేజీ తీసుకున్నాం. వాటర్ స్పోర్ట్స్‌కు తలకు రూ.2,500 అదనంగా కట్టాం. కలంగూట్ బీచ్‌లో పారాసెయిలింగ్ (పడవకు తాడుతో కట్టిన పారాచూట్‌లో ఎగరడం) నుంచి దించేటప్పుడు తాడు ఒక్కసారిగా లాగేయడంతో మా తమ్ముడు పడవ అంచుకు కొట్టుకున్నాడు. మోకాలి కింద ఎముక విరిగి రాడ్ వేశారు. ఆసుపత్రికి రూ.1.9 లక్షలు అయింది. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, మూడు నెలలు జీతం లేదు. ఎక్కే ముందు ఏదో ఇంగ్లిష్ కాగితం మీద సంతకం చేయించుకున్నారు. 'మీ పూచీ మీదే ఎక్కారు' అని బోటువాళ్లు, 'మేం బుకింగ్ వరకే' అని ఏజెంటు అంటున్నారు. ఐదు నెలలైంది. కేసు వేయాలంటే గోవా తిరగాలా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: గోవా తిరగక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోట గానీ, ఉద్యోగం చేసే చోట గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. మీ తమ్ముడు హైదరాబాద్‌లో వేసుకోవచ్చు. ప్యాకేజీ కొన్నది తెనాలిలో కాబట్టి గుంటూరులోనూ వేయొచ్చు. డబ్బు మీరు కట్టి ఉన్నా ఫిర్యాదు మాత్రం దెబ్బ తగిలిన తమ్ముడి పేరుతోనే ఉండాలి. డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందిన వ్యక్తి కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు.

ఇక ఆ కాగితం. సముద్రంలో అల ఉంటుంది, గాలి ఉంటుంది, కాస్త కుదుపు తప్పదు. సంతకంతో మీ తమ్ముడు ఒప్పుకున్నది ఆ సహజమైన ప్రమాదాన్ని. వించ్ (తాడు చుట్టే యంత్రం) నడిపేవాడి అజాగ్రత్తను, అరిగిన తాడును, గాలి ఎక్కువైనా ఆపకుండా ఎగరేయడాన్ని ఆయన ఒప్పుకున్నట్టు కాదు. కోవళంలో కేరళ టూరిజం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ హోటల్ ఈతకొలనులో ఒక అతిథి మునిగి చనిపోయిన కేసు ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. అక్కడి లైఫ్‌గార్డుకు బార్‌లో పని కూడా అప్పగించారు. అతిథి భద్రత చూడాల్సిన బాధ్యత హోటల్‌దేనని జాతీయ కమిషన్ రూ.62.50 లక్షల పరిహారం వేయగా, 2019లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

అయితే ఫిర్యాదు రాసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 'ఆ కాగితం అన్యాయమైన ఒప్పందం, దాన్ని రద్దు చేయండి' అని ప్రధాన కోరికగా రాస్తారు. అన్యాయమైన ఒప్పందాల మీద ఫిర్యాదు వినే అధికారం చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చింది. జిల్లాలో వేస్తే ఎదుటివాళ్లకు మొదటి అభ్యంతరం మీరే అందించినట్టు. సేవాలోపం వల్ల నష్టపరిహారం కావాలని అడగండి. కాగితం విషయం 'కాపీ ఇవ్వలేదు, చదివి వినిపించలేదు, అజాగ్రత్తకు అది మినహాయింపు కాదు' అని వాస్తవాల్లో ఒక పేరాగా ఉంటే చాలు.

ఎంత అడిగితే ఏ కమిషన్ అన్న భయం అక్కర్లేదు. 2019 చట్టంలో అధికార పరిధిని తేల్చేది మీరు కోరే పరిహారం కాదు, సేవకు కట్టిన సొమ్ము. ఈ పద్ధతిని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కట్టిన సొమ్ము రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అలాగని కోటి అడగడం వివేకం కాదు. ఆసుపత్రి బిల్లులు, పోయిన జీతం, రాడ్ తీయించడానికి డాక్టరు రాసిచ్చే ఖర్చు అంచనా, ఫిజియోథెరపీ, తోడున్నవారి ప్రయాణాలు, నొప్పికీ మనోవేదనకూ కొంత, దావా ఖర్చులు: ఇలా పద్దులవారీగా చూపిస్తే కమిషన్ నమ్ముతుంది. బిల్లులో కొంత ఆరోగ్య బీమా కట్టి ఉంటే దాచొద్దు. ఎదుటిపక్షం లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది.

ఏజెంటును వదలొద్దు. మీ రసీదు తీసి చూడండి. వాటర్ స్పోర్ట్స్ సొమ్ము ఆయన పేరుతోనే వసూలు చేసి, బోటు యజమాని ఎవరో ఎక్కడా రాయకపోతే, కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ మీకు పనికొస్తుంది. అసలు యజమాని పేరు చెప్పని ఏజెంటు ఆ ఒప్పందానికి తానే బాధ్యుడని ఆ సెక్షన్ భావిస్తుంది. ఏజెంటు, బోటు యజమాని ఇద్దరినీ ఎదుటిపక్షంగా చేర్చండి. రేపు డిక్రీ వచ్చాక గోవాలో బోటువాడిని వెతకడం కన్నా తెనాలిలో దుకాణం ఉన్నవాడి దగ్గర వసూలు చేయడం తేలిక.

ఇలాంటి కేసులు ఓడిపోయేది చట్టం లేక కాదు, సాక్ష్యం లేక. బోటు యజమాని పేరు తెలియకపోతే ముందు ఫోటోల్లో పడవ పక్కన రాసిన రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. ఆ నంబరుతో పణజిలోని కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ కార్యాలయానికి, గోవా పర్యాటక శాఖకు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి: యజమాని ఎవరు, ఆ రోజుకు లైసెన్సు ఉందా, ఎంతమందిని ఎక్కించే అనుమతి ఉంది, బీమా ఉందా. 30 రోజుల్లో జవాబు రావాలి. లైసెన్సు లేదని తేలితే సగం కేసు అక్కడే గెలిచినట్టు. ప్రమాదం వీడియో ఉంటే వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాదు, తీసిన ఫోన్‌లోని అసలు ఫైలు భద్రపరచండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేస్తే అభ్యంతరాలు తగ్గుతాయి. మొదట చేర్చిన ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు అవకాశమున్న గాయాల వైద్య నమోదు) నమోదైతే దాని కాపీ తప్పనిసరిగా తెచ్చుకోండి. అందులో 'జారిపడ్డాడు' అని రాసి ఉంటే ఇప్పుడే మీ లాయరుకు చెప్పండి. తోడున్నవారు ఎవరికి వారు అఫిడవిట్ ఇవ్వాలి, ఒకే పాఠం మీద అందరితో సంతకం పెట్టించొద్దు.

ఎదుటిపక్షం తప్పకుండా 'కాళ్లు మడవమంటే మడవలేదు', 'తాగి ఎక్కాడు' అంటుంది. అందులో నిజం ఉంటే పరిహారం తగ్గుతుంది. దాన్ని ముందే తమ్ముడిని అడిగి తెలుసుకోండి.

ఎముక విరగడం చట్టం ప్రకారం తీవ్ర గాయం. అజాగ్రత్తతో తీవ్ర గాయం చేసినందుకు భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద గోవాలో కేసు పెట్టొచ్చు, స్థానిక స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగొచ్చు. ఐదు నెలల ఆలస్యానికి కారణం మాత్రం చెప్పుకోవాలి. పరిహారానికి ఎఫ్ఐఆర్ షరతు కాదు.

ముందు ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, స్పందన లేకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫిర్యాదు దాఖలు చేయండి. నోటీసు అందాక కొంత ఇస్తామని కబురు వస్తే బ్యాంకు ద్వారానే తీసుకోండి. రాడ్ తీయించే ఖర్చు తేలేదాకా 'పూర్తి, తుది పరిష్కారం' అన్న కాగితం మీద మాత్రం సంతకం చేయొద్దు.