‘మొత్తం తీసేశాం’ అన్నారు, మరి గడ్డ మళ్ళీ వస్తుందా?

అమలాపురం దగ్గర నుంచి అడిగారు: ఆరేళ్ళ బాబుకి చిన్నమెదడులో గడ్డ తీశారు, మొత్తం వచ్చేసిందన్నారు, ఇంకా భయం ఉందా అని. ముందు బయాప్సీ కాగితంలో గడ్డ పేరేమిటో చూడండి. అసలు సంగతంతా అక్కడే ఉంటుందండి.

పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అని రాసి, ముక్క మిగల్లేదని స్కాన్ కూడా చెబితే చాలామంది పిల్లలకి ఇంకే వైద్యమూ అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. ఎపెండైమోమా ఎక్కువగా ఉన్నచోటే తిరిగి మొలుస్తుంది, ఒక్కోసారి ఐదేళ్ళు దాటాక కూడా. మెడుల్లోబ్లాస్టోమా అయితే కంటికి కనబడేదంతా తీసేసినా, కణాలు వెన్నునీటిలో పడి నడుం దాకా దిగగలవు. అందుకే ఈ వయసు పిల్లలకి తలకీ వెన్నుకీ కలిపి రేడియేషన్, ఆపైన కీమో. రిస్కు తక్కువైతే తలకీ వెన్నుకీ అంతటా 23.4 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత), గడ్డ ఉన్నచోట మాత్రం కలిపి 54 గ్రే దాకా. రోజుకి 1.8 చొప్పున 30 సిట్టింగులు, ఆరు వారాలు. ఆపరేషన్ అయిన ఏడు వారాల్లోపు ఇది మొదలవ్వాలి. బాబు ఆడుకుంటున్నాడు కదా అని మధ్యలో ఊరొచ్చెయ్యడమే పెద్ద పొరపాటు.

ఆపరేషన్ అయ్యాక 72 గంటల్లోపు కాంట్రాస్టు (నరానికి మందు ఎక్కించి తీసే) ఎంఆర్‌ఐ తీశారా? ఆలస్యమైతే మానుతున్న కోత కూడా తెల్లగా మెరిసి, మిగిలిన గడ్డేమోనన్న అనుమానం పెడుతుంది. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి (మన తేమకి ఫిల్ములు అంటుకుపోతాయి). బయాప్సీ బ్లాకులు (గడ్డ ముక్కని మైనంలో భద్రపరిచిన దిమ్మలు) కూడా తెచ్చుకుంటే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట రెండో అభిప్రాయం అడగొచ్చు. వేగంగా పెరిగే రకాలకి మొదటి రెండేళ్ళు సుమారు మూడు నెలలకోసారి స్కాన్, తర్వాత ఎడం పెంచుతారు. వీలైతే ప్రతిసారీ అదే మెషీన్ మీద తీయించండి, పోల్చడం తేలిక.

రేడియేషన్ అయిన కొన్ని నెలలకి మచ్చ పెరిగినట్టు కనబడితే గడ్డే అనుకోనక్కర్లేదు. అది రేడియేషన్ వాపు కూడా కావచ్చు, కొన్ని వారాలాగి మళ్ళీ తీసి తేలుస్తారు.

పొద్దున్నే తలనొప్పి, వాంతి అవగానే తేలికపడడం, కొత్తగా మెల్ల, తల ఒకపక్కకి వాల్చడం, నడకలో తూలడం కనిపిస్తే పైత్యమని జీలకర్ర నీళ్ళతో వారం గడపకండి. షంట్ (తలలో చేరే నీటిని కిందికి దింపే సన్నని గొట్టం) ఉన్న పిల్లలకి అది మూసుకుపోయినా ఇవే లక్షణాలు. దానికి తోడు మగత కూడా కమ్మితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా, సీటీ, న్యూరోసర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి, కాకినాడో రాజమండ్రో, ఆ గంటలోనే బయల్దేరాలి.